ఆశానిగ్రహం అణగారినవారికేనా?



మన సంఘాల్లో ఏ యువజన కూడిక పెట్టినా ఒక ప్రసంగం తప్పనిసరి: ఆశానిగ్రహం. సెల్‌ఫోను తగ్గించండి, ప్రేమ వ్యవహారాల జోలికి పోకండి, మద్యం ముట్టకండి, కోపం అణచుకోండి, పెద్దలకు ఎదురు చెప్పకండి. బెంగళూరు బస్తీలోని రేకుల మందిరమైనా, బరంపురంలోని పాత చర్చి అయినా, ముంబయి, సోలాపూర్, యానాం ఎక్కడికెళ్లినా ఇవే అంశాలు. ఇందులో తప్పేమీ లేదు. ఆత్మఫలంలో ఆశానిగ్రహం ఒకటని గలతీ పత్రికే చెబుతోంది. నేను అడిగేది ఒక్కటే. ఈ ప్రసంగం ఎవరికి చేస్తున్నాం? ఎవరికి చేయడం లేదు?

వెనక బెంచీలో కూర్చున్న పారిశుద్ధ్య కార్మికురాలి కొడుక్కి చేస్తున్నాం. ముందు వరుసలో కూర్చున్న కమిటీ పెద్దకు చేయడం లేదు. కులం అడగకుండా పెళ్లి సంబంధం చూడలేని తల్లిదండ్రులకు చేయడం లేదు. ఇంటి పనిమనిషి జీతంలో కోత పెట్టి, ఆదివారం నిండు కవరు కానుకగా వేసేవారికి చేయడం లేదు. అన్యాయం చేసేవాడిని వదిలేసి, అన్యాయం పడేవాడికి మాత్రం నిగ్రహం నేర్పితే దాన్ని బోధ అనరు, నోరు మూయించడం అంటారు.

ఈ మధ్య మా యువజన కూడికలో, ఆశానిగ్రహం గురించి మీకు తోచింది ఒక పేజీలో రాయండి అని పిల్లలకు కాగితాలిచ్చాం. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అబ్బాయి రాసిన పేజీ నన్ను ఆలోచనలో పడేసింది. వాడు రాసిన సంగతులు మూడు.

మొదటిది. హాస్టల్లో చేరిన రోజు ఒకడు వాడి ఇంటిపేరు అడిగాడు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో ఏ వీధి అని. అలా అడిగినవాడికి ఆశానిగ్రహం లేదని ఎవరూ అనలేదు. వీడు గొంతు పెంచగానే మాత్రం, క్రైస్తవుడివై ఉండి కాస్త నిగ్రహం లేదేమిరా అన్నారట.

రెండోది న్యాయం గురించి. అందరికీ ఒకే నియమం పెడితే న్యాయం అవుతుందని క్లాసులో చెబుతారు. తనకూ, తనను కులం అడిగినవాడికీ నియమం ఒకటే, కానీ దాన్ని పాటించడానికి ఇద్దరూ చెల్లించే వెల ఒకటి కాదు. ఊరుకుంటే ఎదుటివాడికి పోయేదేమీ లేదు, తాను ఊరుకుంటే తన మర్యాద పోతుంది. ఇదీ వాడి లెక్క.

మూడోది నాకు మరీ నచ్చింది. బీహారు నుంచి వచ్చిన రూమ్మేటును చూడగానే, వీడు మొరటువాడు అని తానే ముద్ర వేశాడట. ఇంకా ఆ అబ్బాయి నోరు కూడా విప్పలేదు. తన మీద పడిన ముద్రకు ఏడ్చినవాడే మరొకరి మీద ముద్ర వేయగలడని వాడికి అప్పుడు తెలిసింది. అందుకే, అన్నిటికంటే ముందు అదుపులో పెట్టుకోవాల్సింది కోపాన్ని కాదు, మనసులో ముందే రాసి పెట్టుకున్న తీర్పును అని ముగించాడు.

ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాడు ఇంతదూరం ఆలోచిస్తుంటే, మనం వాడికి మిఠాయి కథ చెబుతున్నాం. ఆ కథ మీకూ తెలిసే ఉంటుంది. 1960ల చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు మార్ష్‌మెల్లో అనే మెత్తటి మిఠాయి లాంటివి పెట్టి, నేను తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు ఇస్తాను అన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తర్వాత పరిశోధనలు వచ్చాయి. కాబట్టి ఆగండి, దేవుడు రెండంతలు ఇస్తాడు! మన యువజన శిబిరాల్లో ఈ ఉదాహరణ వినని పిల్లలు అరుదు.

ఆ కథలో మనం చెప్పకుండా వదిలేసే భాగం ఉంది. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. మిఠాయికి ముందే పిల్లలకు మంచి రంగులు తెచ్చిస్తామని మాట ఇచ్చారు. సగం మందికి మాట నిలబెట్టుకున్నారు, మిగతా సగం మందికి లేవని చెప్పి వట్టి చేతులు చూపించారు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దలను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దలను చూసినవారు 3 నిమిషాలే ఆగారు. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించింది. కుటుంబ నేపథ్యం వంటివి లెక్కలోకి తీసుకునేసరికి, ఆగడానికీ తర్వాతి చదువుకూ ఉందనుకున్న సంబంధం చాలావరకు పలచబడిపోయింది.

అంటే ఏమిటి? ఆగగలగడం బిడ్డ గుణం మాత్రమే కాదు, ఆగమన్న పెద్దల గుణం కూడా. మాట తప్పేవాళ్ల ఎదుట చేతికందింది తినేసిన బిడ్డను నిగ్రహం లేనివాడని ఎలా అంటాం?

ఇప్పుడు మన పిల్లలకు ఈ దేశం ఇచ్చిన మాట చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను, దళిత ముస్లింలను ఆగమన్నారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో ఆ మత నిబంధనను తీసేయమంది. ఆ నివేదిక 2009లో పార్లమెంటు ముందుకు వచ్చింది. మళ్లీ ఆగమన్నారు. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసి, గడువు పొడిగించారు. ఈలోగా తమిళనాడు అరుంధతీయ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు బాప్తిస్మం తీసుకుంటే షెడ్యూల్డు కులం సర్టిఫికెట్ పోతుంది. దానితో, 2009లో ఆ రాష్ట్రం అరుంధతీయులకు ఇచ్చిన 3 శాతం లోపలి కోటా కూడా పోతుంది. చేసే పని మారదు, ఉండే వీధి మారదు, పిలిచే పిలుపు మారదు, కాగితం మాత్రం మారుతుంది. ఇంతకాలం ఆగినవారికి ఇంకా ఆగడం నేర్పించే అర్హత ఎవరికుంది?

పోనీ, ప్రభుత్వం సంగతి అలా ఉంచి మన సంఘాన్ని చూద్దాం. "సంఘంలో కులం ఎక్కడుంది పాస్టరు గారూ" అని అడిగేవారున్నారు. క్రైస్తవ పెళ్లిళ్ల ప్రకటనలు చదవండి. తిరుచ్చి మేలపుదూరు కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేస్తూ కట్టిన గోడ గురించి తెలుసుకోండి. ఇది మాలల చర్చి, అది మాదిగల చర్చి అని మనవాళ్లే చెప్పుకునే మాట వినండి. పొట్ట చేతపట్టుకుని ఊరు దాటి, భాష కాని చోటికి వచ్చాం. సామాను తక్కువే తెచ్చుకున్నా ఈ మూటను మాత్రం మరిచిపోలేదు. పై కులం మనల్ని తొక్కిందని ఏడుస్తూనే, పక్క కులం బిడ్డను కోడలిగా తెచ్చుకోలేం. కులం పేరిట వివక్ష ఘోరమైన సామాజిక పాపమని కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో తన విధాన పత్రంలో ఒప్పుకుంది. మనలో ఎన్ని సంఘాలు ఆపాటి మాటైనా రాసిపెట్టాయి?

లేఖనం ఏం చెబుతుందో చూడండి. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో పౌలు ఖైదీ, ఫేలిక్సు అధిపతి. ఆ గదిలో ఆశానిగ్రహం గురించి ఎవరు ఎవరికి బోధించారు? ఖైదీ అధిపతికి బోధించాడు. అది కూడా ఒంటరిగా కాదు, నీతితోను రాబోయే తీర్పుతోను కలిపి బోధించాడు. మనం నీతి అనగానే సొంత పవిత్రత అనుకుని ఊరుకుంటాం. ఆ గ్రీకు మాటలో న్యాయం కూడా ఉంది. ఆశానిగ్రహానికి వాడిన మాట ఎన్‌క్రతేయ, అందులోని క్రతోస్ అంటే బలం, అధికారం. తన మీద తనకు అధికారం ఉండటమే ఆశానిగ్రహం. ఫేలిక్సు భయపడ్డాడు, కానీ మారలేదు. లంచం దొరుకుతుందేమోనని చూస్తూ పౌలును రెండేళ్లు చెరలోనే ఉంచాడు. మరి ఆ గదిలో నిగ్రహం అవసరమైంది ఎవరికి?

ఆశానిగ్రహాన్ని ఆత్మఫలంగా చెప్పిన గలతీ పత్రికలోనే రెండో అధ్యాయం తెరవండి. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, కొందరు రాగానే జంకి పక్కకు జరిగాడు. పౌలు అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. కలిసి తినే బల్ల దగ్గర వివక్ష కనబడితే పెద్ద అపొస్తలుడినైనా నిలదీయడం ఆశానిగ్రహానికి విరుద్ధమని పౌలు అనుకోలేదు. మనమెందుకు అనుకోవాలి?

అయితే పిల్లలను కోపానికి వదిలేయమంటావా అని ఎవరైనా అడగవచ్చు. అనను. తాగుడు మన బస్తీల్లో ఎన్ని ఇళ్లను ముంచిందో నాకు తెలుసు. నేను అనేది వేరు. నిగ్రహం అంటే మింగడం కాదు, పట్టు వదలకపోవడం. కోలారు బంగారు గనుల్లో తెలుగు దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారిని చూడండి. తన వాళ్లు చేతులతో మలం ఎత్తడం చూసి ఆయనకు కోపం రాలేదా? వచ్చింది. దాన్ని సారాలో ముంచలేదు, మౌనంలో పాతిపెట్టలేదు. అధికారులకు లేఖలు రాశారు, సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2014లో తీర్పు వచ్చింది. మధ్యలో 11 ఏళ్లు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆశానిగ్రహానికి ఉదాహరణ కావాలంటే మిఠాయి ముందు కూర్చున్న బిడ్డ ఎందుకు? ఈయన చాలడా?

కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి. వచ్చే యువజన కూడికలో ఆశానిగ్రహం అంశం పెడితే, అదే వారం కమిటీ సభ్యులకూ అదే అంశం పెట్టండి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు కులం అడగం అని పెద్దలే ముందుగా నిలబడి చెప్పాలి. సంఘంలో ఊడ్చే అక్కకు, వంట చేసే అమ్మకు చట్టప్రకారం కూలి ఇస్తున్నామా లేదా లెక్క చూసుకోవాలి.

యువతకు నా మాట. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కళాశాలలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. కులం, మతం మాత్రమే కాదు, భాష పేరిట చేసే వివక్ష కూడా అందులోకి వస్తుంది. పరాయి రాష్ట్రంలో తెలుగువాళ్లుగా చదువుకునే మీకు ఇది ముఖ్యం. మీ కళాశాలలో ఆ అధికారి పేరు తెలుసుకోండి. అవమానం జరిగితే తేదీ, సమయం, సాక్షులు రాసి పెట్టుకోండి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. చెయ్యి ఎత్తకండి, తల దించకండి. అలాగే పక్క మంచం మీద పడుకునే బీహారీ, ముస్లిం, ఈశాన్య రాష్ట్రాల అబ్బాయి మీద మీరు వేసిన ముద్రను కూడా చెరిపేసుకోండి. మనం అడిగే న్యాయం మనం ఇవ్వలేకపోతే, దాన్ని అడిగే బలం మనకు ఉండదు.

తన బలాన్ని అదుపులో పెట్టుకోవడం బలవంతుడు నేర్చుకోవాలి. తన గొంతును పోగొట్టుకోకుండా కాపాడుకోవడం బలహీనుడు నేర్చుకోవాలి. ఈ రెండూ నేర్పే సంఘమే పౌలు చెప్పిన ఆశానిగ్రహాన్ని బోధిస్తున్నట్టు.