కోట రాళ్ల నడుమ పిల్లలడిగే ప్రశ్న

సెలవులు వచ్చాయంటే ఖమ్మం, ఖానాపురం హవేలి పరిసరాల నుంచి ఎన్నో కుటుంబాలు ఓరుగల్లు చూడటానికి బయలుదేరుతాయి. డోర్నకల్, మహబూబాబాద్‌ల మీదుగా రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. ఉదయం వెళ్లి కోట, ఖుష్ మహల్, వేయిస్తంభాల గుడి చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల బోధించింది. కనుక విశ్వాసికి ఇటువంటి యాత్ర కేవలం కాలక్షేపం కాదు, గుణపాఠం కూడా.

అయితే ఓరుగల్లు కోటలో ముస్లిం తల్లిదండ్రులకు ఒక కఠినమైన పాఠం ఎదురవుతుంది. విరిగిన స్తంభాలు, నేలపాలైన శిల్పాల మధ్య నడుస్తూ ఏ పిల్లవాడో అడుగుతాడు: "అబ్బూ, వీటిని పడగొట్టింది మనవాళ్లేనా?"

కొందరు తండ్రులు "పద పద, ఆలస్యమవుతోంది" అని మాట దాటవేస్తారు. కొందరు "అదంతా కట్టుకథ" అని కొట్టిపారేస్తారు. ఈ రెండు జవాబులూ పిల్లవానికి న్యాయం చేయవు. సాక్ష్యం తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే, న్యాయం పక్షాన స్థిరంగా నిలబడమని సూరహ్ నిసా 135వ ఆయత్ ఆదేశిస్తోంది. ఆ ఆదేశం న్యాయస్థానానికే పరిమితం కాదు. చరిత్ర చెప్పేటప్పుడు కూడా వర్తిస్తుంది.

మరి జరిగిందేమిటి? ఈ కోట కాకతీయ గణపతిదేవుని కాలంలో రూపుదిద్దుకుని, ఆయన కుమార్తె రుద్రమదేవి కాలంలో బలపడింది. నడిబొడ్డున స్వయంభూ శివాలయం, దానికి నలుదిక్కులా నాలుగు రాతి తోరణాలు ఉండేవి. 1323లో ఢిల్లీ సేనాని ఉలుఘ్ ఖాన్, అంటే తరువాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్, కోటను పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఆలయం నేలమట్టమైంది. నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. తోరణాలు మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి. ఇది వాస్తవం. దీన్ని దాచడం అమానత్‌లో ఖియానత్ అవుతుంది.

కాని ఈ వాస్తవాన్ని ఏ తూనికతో తూచాలో కూడా పిల్లలకు నేర్పాలి. రాజు పేరు ముస్లిం పేరైనంత మాత్రాన అతని ప్రతి చర్యా ఇస్లాం కాదు. తొలి ఖలీఫా హజ్రత్ అబూ బక్ర్ (రజి) సైన్యాన్ని సాగనంపుతూ స్త్రీలను, పసిపిల్లలను, వృద్ధులను చంపవద్దనీ, ఫలవృక్షాలను నరకవద్దనీ, మఠాలలో ఆరాధనకు అంకితమైనవారి జోలికి పోవద్దనీ హెచ్చరించారు. సుల్తానులను ఆ గీటురాయి మీద పరీక్షించాలే తప్ప, సుల్తానుల నడతను బట్టి ధర్మాన్ని నిర్ణయించకూడదు. ఏడు వందల ఏళ్ల క్రితం నాటి పాలకుని యుద్ధానికి నేటి పిల్లవాడు సిగ్గుతో తలవంచుకోనవసరం లేదు, దాన్ని చూసి గర్వించనవసరం అసలే లేదు.

న్యాయం ఎవరు చేసినా న్యాయమే. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ఇకపై సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు. మక్కాలో అన్యాయానికి గురైన పరదేశి వర్తకుని హక్కు కోసం ఏర్పడిన హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందంలో దైవప్రవక్త (స) నుబువ్వత్‌కు పూర్వమే పాల్గొన్నారు. ఆ ఒప్పందాన్ని తరువాతి కాలంలోనూ మెచ్చుకున్నారు. ఆయన ఉమ్మత్ ఈ కాకతీయ రాజు న్యాయాన్ని మెచ్చుకోవడానికి సంకోచించరాదు.

కోటలో మరికొన్ని అడుగులు వేస్తే ఖుష్ మహల్ వస్తుంది. దీన్ని షితాబ్ ఖాన్ కట్టించాడని స్థానికులు చెబుతారు. ఏటవాలు గోడలను బట్టి తుగ్లకుల కాలానిదని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఈ షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. బిరుదు ముస్లిం పాలకులది, మతం హిందూ మతం. ఓరుగల్లుతో పాటు మన ఖమ్మం కోట కూడా ఆయన చేతిలో ఉండేది. పూర్వం తొలగించిన దేవతామూర్తులను తిరిగి ప్రతిష్ఠించినట్లు 1504 నాటి ఆయన శాసనం చెబుతోంది. మరోవైపు, ఈ తెలంగాణ గడ్డ మీద పుట్టి ఇస్లాం స్వీకరించిన ఖాన్ జహాన్ మక్బూల్ తిలంగానీ, ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరు అయ్యాడు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఆయన అష్టభుజి సమాధి ఉంది. ఎవరు "మనవాళ్లు", ఎవరు "పరాయివాళ్లు" అన్న గీత మనం అనుకున్నంత తిన్నగా లేదని ఈ ఇద్దరి జీవితాలే చెబుతాయి.

కూల్చినవారి పేరు తెలిసిన పిల్లలకు కాపాడినవారి పేరు కూడా తెలియాలి. 1914లో హైదరాబాద్ సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని బాధ్యతలు స్వీకరించినవారు గులాం యజ్దానీ. 1213 నాటి రామప్ప గుడిపై, పాలంపేటలోని ఇతర ఆలయాలపై ఆయన రాసిన గ్రంథం 1922లో వెలువడింది. అజంతా చిత్రాలను లోకానికి చాటిన సంపుటాలూ ఆయనవే. 2021లో రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ గౌరవానికి దారి వేసినవారిలో ఈ ముస్లిం పండితుడు ఒకరు.

ప్రయాణ మర్యాదలు కొన్ని. వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించినది, నేటికీ అక్కడ పూజలు జరుగుతున్నాయి. శిల్పకళను చూడటం వేరు, ఆరాధనలో పాల్గొనడం వేరు. ఈ తేడా పిల్లలకు ముందే చెప్పండి. అక్కడి నియమాలు పాటించండి, పాదరక్షలు బయటే విడవండి. ఇతరుల దైవాలను దూషించరాదని సూరహ్ అన్ఆమ్ నిషేధించింది గనుక నవ్వులాటకైనా హేళన మాట రానీయకండి. రాళ్ల మీద పేర్లు చెక్కనీయకండి. ఖమ్మం నుంచి దూరం నూరు కిలోమీటర్లకు పైమాటే. అధికసంఖ్యాక పండితుల లెక్కన అది ఖస్ర్ వర్తించే దూరమే కనుక జుహ్ర్, అస్ర్ నమాజులు వేళకు చేసుకోవడం సులభం.

పిల్లవాడు ఆ ప్రశ్న అడిగితే అతని చేయి పట్టుకుని ఒక రాతి పక్కన కూర్చోండి. "ఒక రాజు పడగొట్టాడు నాన్నా, అది తప్పు. మనం పడగొట్టేవాళ్లం కాకూడదు" అని చెప్పండి. అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్ని, మన హృదయాలకు న్యాయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.