ఓఎల్‌టీల ఉమ్మడి నియంత్రణకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: సర్వసభ్య సమావేశ తీర్మానం

మన జిల్లా కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటర్ల సంఘం సర్వసభ్య సమావేశం ఓఎల్‌టీల (చందాదారుల ఫైబర్ లైన్లను కంట్రోల్ రూము నుంచి నడిపే పెట్టెల) నిర్వహణలో సభ్యులు పడుతున్న ఇబ్బందులను చర్చించి ఈ కింది తీర్మానం చేసింది.

ఇవాళ ఒక్కో కంట్రోల్ రూములో రెండు మూడు కంపెనీల ఓఎల్‌టీలు నడుస్తున్నాయి. దేని సాఫ్ట్‌వేర్ దానిదే, దేని కమాండ్లు దానివే. చందాదారుడి ఇంట్లోని ఫైబర్ పెట్టె, అంటే ఓఎన్‌యూ, పాడైతే లైన్‌మన్ కొత్తదాని సీరియల్ నంబరు ఫోన్లో చదువుతాడు: ముందు తయారీదారును తెలిపే 4 అక్షరాలు, ఆ తర్వాత మరో 8. కంట్రోల్ రూములో ఉన్న కుర్రాడు ఆ ఇల్లు ఏ ఓఎల్‌టీ కింద ఉందో వెతికి, ఆ కంపెనీ స్క్రీన్ తెరిచి నంబరు ఎక్కించాలి. వేరే కంపెనీ ఓఎన్‌యూ తగిలిస్తే ఒక్కోసారి పాన్ లైటు పచ్చగా వెలుగుతుంది గానీ నెట్ రాదు. ఓఎల్‌టీ, ఓఎన్‌యూ మధ్య నడిచే నియంత్రణ సంభాషణ ఓఎంసీఐకి ఐటీయూ జి.988 అనే ప్రమాణం ఉంది. అయినా తయారీదారులు అందులో తమ సొంత హంగులు చేర్చుకున్నారు. ఫైబర్ లాగింది మనం, స్తంభాలకు అద్దె కడుతున్నది మనం, ఏ పెట్టె పెట్టాలో చెప్పేది మాత్రం అమ్మినవాడు. ఈ పరిస్థితి సాగనివ్వకూడదని సభ అభిప్రాయపడింది.

దీనికి మార్గం ఉంది. వోల్తా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేర్వేరు కంపెనీల ఓఎల్‌టీలను, వాటి కింది ఓఎన్‌యూలను కలిపి, పై కంట్రోలర్‌కు ఒక మామూలు ఈథర్నెట్ స్విచ్‌లా చూపిస్తుంది. ఏ పెట్టెతో ఎలా మాట్లాడాలో దాని అడాప్టర్లు చూసుకుంటాయి. ఓపెన్ నెట్‌వర్కింగ్ ఫౌండేషన్‌లో పుట్టిన ఈ ప్రాజెక్టు ఇప్పుడు లినక్స్ ఫౌండేషన్ కింద ఉంది. లైసెన్సు అపాచీ 2.0. జర్మనీలో డాయిష్ టెలికామ్, టర్కీలో టర్క్ టెలికామ్ దీన్ని అసలు చందాదారుల లైన్ల మీదే వాడాయి. బ్రాడ్‌బ్యాండ్ ఫోరమ్ వారి ఓబీ-బీఏఏ కూడా ఇదే అవసరానికి పుట్టింది. అది నెట్‌కాన్ఫ్, యాంగ్ ప్రమాణాల దారిలో నడుస్తుంది.

అయితే డాయిష్ టెలికామ్, టర్క్ టెలికామ్ మహా కంపెనీలు. అర్ధరాత్రి లైన్లు పడిపోతే మనం ఎవరికి ఫోన్ చేయాలని కొందరు సభ్యులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సాఫ్ట్‌వేర్ ఉచితం, దాన్ని నడిపే మనిషి ఉచితం కాదు. వోల్తా కుబర్నెటీస్ మీద నడుస్తుంది. అది తెలిసిన ఇంజినీరును నాలుగైదు వందల కనెక్షన్లున్న ఆపరేటరు ఒంటరిగా పోషించలేడు. పైగా వోల్తా ప్రధానంగా జీపాన్, ఎక్స్‌జీఎస్-పాన్ చుట్టూ పెరిగింది, ఓఎల్‌టీలో దాని ఏజెంటు నడవాలి. మన దగ్గరున్న పాత ఈపాన్ పెట్టెలు దీని కిందికి వస్తాయని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. వాటి ఆయుష్షు తీరేదాకా వాటి సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకురావాలి.

కాబట్టి ఈ పని ఉమ్మడిగానే జరగాలని తీర్మానించడమైనది. సంఘం నిధి నుంచి ఒక సర్వరు, ఏజెంటు నడవగల ఒక ఓఎల్‌టీ కొని ఆరు నెలలు పరీక్షించాలి. ఇందుకు ఐదుగురు సభ్యుల ఉపసంఘం ఏర్పాటైంది. పరీక్ష ముగిసేదాకా చందాదారుల లైన్లు ఒక్కటి కూడా దాని మీదికి మార్చరాదు. ఫలితం బాగుంటే ఇంజినీర్ల జీతం కనెక్షన్ల లెక్కన అందరూ పంచుకోవాలి. మనవాళ్లు రాసే ప్రతి అడాప్టరు, ప్రతి దిద్దుబాటు మూల ప్రాజెక్టుకు తిరిగి ఇవ్వాలి. వాడుకుని ఊరుకోవడం సంఘానికి గౌరవం కాదు.

ఈలోగా కొత్త ఓఎల్‌టీ కొనే సభ్యుడు డబ్బు కట్టే ముందు, కనీసం మరో రెండు కంపెనీల ఓఎన్‌యూలతో నెట్ వస్తున్నట్టు అమ్మకందారు చేత తన కంట్రోల్ రూములోనే చూపించుకోవాలి. నోటి మాట చాలదు. అడ్మిన్ పాస్‌వర్డ్ యజమాని చేతిలో ఉండాలి. ఏ ఓఎన్‌యూ ఏ స్ప్లిట్టరు మీద, ఏ వీలాన్‌లో ఉందో తెలిపే జాబితాను ప్రతి సభ్యుడూ పరికరం బయట విడిగా రాసి ఉంచుకోవాలి.

రాష్ట్ర ఫైబర్‌నెట్ తన టెండర్లలో ఇతర కంపెనీల ఓఎన్‌యూలతో పనిచేసి చూపాలన్న ఇదే షరతు చేర్చాలని ఈ సభ కోరుతున్నది. జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలలు తమ విద్యార్థులను ఈ పరీక్షకు పంపాలని విజ్ఞప్తి చేస్తున్నది.

తీర్మానం మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది. కొనుగోలు షరతు ఈ రోజు నుంచే అమల్లోకి వస్తుంది.