షియాలంటే అందరిదీ ఒకటే మాట కాదు అన్నా

పోస్టు కొంచెం పెద్దగుంటది, టీ టైంలో చదువుకోండి.

మొన్న రౌస్ హిల్ సైటులో మన పిల్లగాడొకడు సెంట్రింగ్ చేసే ఇరాకీ అన్నను పట్టుకొని "మీ షియాలకు ముల్లాల రాజ్యమే కావాలె కదా" అని నవ్విండు. ఆయన ఏమనలేదు. రెండు రోజులు స్మోకోకు మా దగ్గరికి రాలేదు, అంతే. మూడో రోజు మేమే పోయి కూచున్నం. ఆయనది నజఫ్ దగ్గర ఊరు. ఆయన చెప్పిందీ, మేము తర్వాత చదివిందీ మనోళ్లకు సగం కూడా తెల్వదు.

షియాల నమ్మకంలో పన్నెండో ఇమాం కనబడకుండా ఉన్నడు, మళ్లీ వస్తడు. ఆయన వచ్చేదాకా రాజ్యం ఎవరు చెయ్యాలె? పంచాయితీ అంతా ఇక్కడనే. ఖొమేనీ దేశం బయట నజఫ్‌లో ఉన్నప్పుడు 1970లో పాఠాలు చెప్పిండు, ధర్మశాస్త్రం తెలిసిన పెద్దే రాజ్యం కూడా నడపాలె అని. 1979లో అది ఇరాన్ రాజ్యాంగంలోకి ఎక్కింది. అదే నజఫ్‌లో ఉన్న ఖూయీ అనే పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. దిక్కులేనోళ్ల ఆస్తి, వక్ఫు లాంటివి చూసుకునుడు వేరు, రాజ్యం ఏలుడు వేరు అన్నది ఆయన లైను. ఇరాన్‌లోనే షరియత్‌మదారీ ఎదురు చెప్పిండు. మోంతజరీ సంగతైతే ఇంకా విచిత్రం. ఆ మాటను రాజ్యాంగంలో పెట్టించినోళ్లలో ముందున్నాయనే, ఖొమేనీ వారసుడు అనుకున్నాయనే, తప్పులు ఎత్తిచూపినందుకు 1989లో పక్కకు పోవాల్సి వచ్చింది. 1997 నుంచి 2003 దాకా ఇంట్లనే బందీ.

సిస్తానీ, ఖూయీ శిష్యుడు. 2003లో అమెరికావాళ్లు తాము ఎంచినోళ్లతో రాజ్యాంగం రాయించాలని చూస్తే, ప్రజలు ఓటేసి ఎన్నుకున్నోళ్లే రాయాలె అని ఫత్వా ఇచ్చిండు. కుర్చీ మాత్రం అడగలేదు. అట్లని చేతులు కట్టుకొని కూచున్నాయన కాదు. 2014లో ఐసిస్ మీదికొస్తే ఆయన మాట మీద వేలమంది తుపాకి పట్టిండ్రు.

మాకు నజఫ్ మాటే నచ్చింది. మన పనిలోనే చూడండి. సర్టిఫయర్ వచ్చి స్టీలు చూస్తడు, బాగలేకుంటే కాంక్రీటు పొయ్యనియ్యడు. ఆయనే బిల్డరైతే ఆపేదెవరు? ఇరాన్‌లో ఎలక్షన్లకు నిలబడేటోళ్లను వడపోసేది పన్నెండు మంది మండలి, అందులో ఆరుగురిని పెట్టేది సుప్రీం లీడరే. షా లాంటి రాజును మరి ఎవరు ఆపాలె అని ఖొమేనీ పక్షం అడిగేది వట్టి మాట కాదు, షా జైళ్లు చూసినోళ్లు వాళ్లు. కానీ రాజును ఆపడానికి రాజే అయితే మళ్లీ మొదటికొస్తది.

మనకు ఇదంతా దూరపు ముచ్చటా? ఊర్ల పీర్ల పండుగకు గుండం చుట్టూ ఆడినోళ్లం మనమే. హైదరాబాద్‌ల బాద్షాహీ ఆషుర్‌ఖానా కట్టిన కుతుబ్‌షాహీలు షియాలే. ఇక ఎలక్షన్లొస్తే మఠాల ముందు లైను కట్టే మన లీడర్ల సంగతి మేము చెప్పాల్నా?

శనివారం స్లాబు ఉంది. ఆయన గ్యాంగు, మన గ్యాంగు కలిసి చెయ్యాల్సిన పని. పిల్లగాడా, ఇది చదువుతవని మాకు తెలుసు. ఆలోపల ఒక్కసారి ఆయన దగ్గరికి పోయి మాట్లాడు.