పోస్టరులో పిల్ల ఏడవాలా?

గుంటూరు నుంచి ఒక సోదరి కాస్త కోపంగానే ఉత్తరం వ్రాశారు. వాళ్ళమ్మాయి డిజైన్ కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. ఈ టరములో క్లాసంతా కలిసి ఊళ్ళోని ఒక పిల్లల ఆశ్రమానికి పోస్టర్లూ, మూడు నిమిషాల సినిమా ఉచితంగా చేసిపెట్టాలట. “లక్షలు పోసి ఫీజు కట్టింది ఊరికే చాకిరీ చేయించడానికా? పైగా మా అమ్మాయి నాలుగు రాత్రులు మేలుకుని, ఏడుస్తున్న పసిపిల్ల మొహంతో పోస్టరు చేసింది. చూసినవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి. మాస్టారు మాత్రం వద్దు పొమ్మన్నారు. ఇదేం చదువండీ?” అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీ కోపంలో సగం న్యాయం ఉంది. అచ్చు ఖర్చూ, రానుపోను చార్జీలూ కాలేజీయే భరించాలి. అవి విద్యార్థుల మీదా, ఆశ్రమం మీదా పడకూడదు. ఆ సంగతి నిలదీసి అడగండి. మిగతా సగానికి మాత్రం నేను మాస్టారి పక్షమే.

డిజైన్ అంటే అందంగా బొమ్మ వేయడమే అనుకుంటాం. 1958లో ఛార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం కోరిక మీద మన దేశంలో పర్యటించి ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్ళు అంతగా మెచ్చుకున్న వస్తువు ఏమిటో తెలుసా? మన చెంబు! ఎన్ని నీళ్ళు పట్టాలి, నెత్తిన మోస్తారా, చంకన పెట్టుకుంటారా, వంచితే ధార ఎలా పడుతుంది, లోపల తోముకోవడానికి వీలుందా అని ఇన్ని ప్రశ్నలు వేసుకుంటే తప్ప అలాంటి వస్తువు తయారుకాదన్నారు. ఆ నివేదిక దరిమిలా 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

గీసే ముందు అడగడం, చూడడం కూడా చదువేనన్నమాట. బట్టల కొట్టుకి ప్రకటన వేస్తే యజమానికి నచ్చడంతో పని అయిపోతుంది. ఆశ్రమానికి అలా కుదరదు. డబ్బిచ్చేవారు ఒకరు, నడిపేవారు ఒకరు, అందులో ఉండే పిల్లలు వేరు. మొదటి ఇద్దరూ తమకేం కావాలో నోరు విప్పి చెబుతారు. ఆ పిల్లల్ని అడిగేవారెవరు?

ఇక ఆ పోస్టరు సంగతి. సంరక్షణ అవసరమైన పిల్లల పేరూ, ఫోటో, గుర్తుపట్టే వివరాలూ ప్రచార సాధనాల్లో బయటపెట్టకుండా 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కట్టడి చేస్తోంది. చట్టం మాట అటుంచండి. మన పిల్ల జ్వరంతో ఏడుస్తుంటే ఫోటో తీసి బజారు గోడకి అంటిస్తామా? ఆ పసిపిల్ల రేపు హైస్కూలుకి వెళుతుంది. పెళ్ళీడుకొస్తుంది. ఆనాడు ఎవరైనా ఆ కాగితం చూపించి, “ఇది నువ్వే కదూ?” అంటే ఏం చెప్పుకుంటుంది? మన కంటనీరు ఆరిపోయినా ఆ బొమ్మ పోదు.

మీ అమ్మాయిని కెమెరా ఇంట్లో పెట్టి మళ్ళీ వెళ్ళమనండి. ఒక సాయంత్రం అక్కడ కూర్చుని గుమ్మం ముందు వరసగా విడిచిన చెప్పులు, బోర్లించిన స్టీలు కంచాలు, గోడకి తగిలించిన బడి సంచులు చూడమనండి. ఏ మొహమూ చూపకుండా ఆ ఇంటి కథ చెప్పడానికి అవి చాలవూ? ఏది తక్కువైందో వార్డెనుగారిని అడగమనండి. డబ్బు కాకపోవచ్చు. సాయంత్రం పూట లెక్కలు చెప్పేవాళ్ళు కావాలేమో! అదే పోస్టరు మీద బస్సులోంచి కూడా చదవగలిగేంత పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి.

ఇంకొక్క మాట. టరము అయిపోగానే విద్యార్థులు వెళ్ళిపోతారు. వాళ్ళు చేసిన వెబ్‌సైటులో ఫోన్ నంబరు మార్చాలన్నా ఆశ్రమంలో ఎవరికీ చేతకాదు. అందుచేత పాస్‌వర్డుతో సహా అన్నీ అప్పగించి, మార్చుకునే పద్ధతి వార్డెనుగారికి నేర్పి మరీ రావాలి.

ఈసారి మీ అమ్మాయి కొత్త పోస్టరు తెచ్చినప్పుడు, ముందుగా ఎవరికి చూపించావని అడగండి. “ఆ పిల్లలకే అమ్మా” అంటే, మీ ఫీజు వృథా పోలేదని నిశ్చింతగా ఉండండి.