మన పద్దులో ఎవరి రోడ్డు?

నాయుడుపేట చుట్టుపక్కల ఏ యానాది కాలనీకైనా బాట వేయమని అడిగి చూడండి. వచ్చే జవాబు మీకు తెలిసిందే: "పైనుంచి ఫండ్స్ రాలేదు."

పైనుంచి అంటే ఎక్కడినుంచి? రాజ్యాంగం 275(1) అధికరణ కింద షెడ్యూల్డ్ తెగల సంక్షేమానికి కేంద్రం రాష్ట్రానికి గ్రాంటు ఇస్తుంది. అది ఎవరి దయా కాదు. ఇంకా పెద్ద సొమ్ము పన్నుల వాటా. కేంద్రం పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకివ్వమంది 15వ ఆర్థిక సంఘం. కానీ ఆ డబ్బు మీద మన పేరు ఉండదు, ఖర్చు రాష్ట్రం ఇష్టం.

ఆ ఇష్టానికి ముకుతాడు వేయడానికే 2013లో ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. జనాభా ఎంతో వాటా అంత. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులం 5.53 శాతం. అయితే కన్నం ఆ చట్టంలోనే ఉంది! విడదీయలేని పనులంటూ అందరి రోడ్లు, కాలువల ఖర్చులో కొంత మన పద్దులో చూపించుకోవచ్చు. ఎవరి ఊరికో రోడ్డు పడుతుంది, అభివృద్ధి మాత్రం మనకు జరిగినట్టు లెక్క.

పాడేరు వాళ్లకు పీసా గ్రామసభ అయినా ఉంది. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అదీ లేదు. అందుకే సమాచార హక్కు కింద అడగండి: మా మండలంలో ఉపప్రణాళిక సొమ్ము ఎంత, ఏ పనికి, ఏ వీధిలో? రసీదు తీసుకోకుండా మాత్రం రావద్దు.