చచ్చినవాణ్ణి బతికించేదెవరు?

సావెనీరు కమిటీ మిత్రులు నన్ను వ్యాసం రాయమన్నప్పుడు "బి.యస్సీ. చదువుతున్నావు కదా, ఏదైనా శాస్త్ర విషయం రాయి" అన్నారు. పరమాణువు గురించి, అంతరిక్షం గురించి రాయగల మిత్రులు మన కాలేజీలో చాలామంది వున్నారు. వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. నేను కబడ్డి గురించి రాస్తాను. అది కూడా ఆట జరిగే రోజుల గురించి కాదు, ఆట లేని రోజుల గురించి!

ఆట లేని రోజుల్లో ఏముంటుంది అని మీరు అడగవచ్చు. అభిమానికి అసలు పరీక్ష అప్పుడే వుంటుంది. ఎవర్ని వుంచుకున్నారు, ఎవర్ని వదులుకున్నారు, ఎవర్ని ఎంతకు కొన్నారు అనే తగవులతో మా హాస్టల్లో కంచాల ముందు అన్నం చల్లారిపోతుంది. పరీక్షల గురించి అంత వాదన జరిగి వుంటే మాలో సగంమంది ఫస్టు క్లాసులో వుండేవాళ్లం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన తెలుగు టైటాన్స్ జట్టు చాలా ఏండ్లు ఒక్క పెద్ద ఆటగాడి మీద సంచి గుమ్మరించి, అతణ్ణి బతికించేవాళ్లను కొనడం మరిచిపోయింది. అదే పొరపాటు మన వూళ్లల్లో, మన కాలేజీల్లో కూడా జరుగుతున్నది. ఆ రెండో మాట చెప్పడానికే ఈ మొదటి మాట.

తెలియనివారికి వేలం సంగతి కొంచెం చెప్పాలి. ప్రో కబడ్డి లీగు 2014లో మొదలైంది. ఆ తొలి వేలంలో అందరికన్న ఎక్కువ పలికిన రాకేష్ కుమార్ ధర 12 లక్షల 80 వేలు. 2018 వచ్చేసరికి కోటి దాటింది. 2025 వేలంలో ఒక్కొక్క జట్టు ఖర్చుపెట్టగల మొత్తం 5 కోట్లు. ఆటగాళ్లను నాలుగు తరగతులుగా విడదీస్తారు. మొదటి తరగతివాడి పాట 30 లక్షల నుంచి, చివరి తరగతివాడి పాట 9 లక్షల నుంచి మొదలవుతుంది. అంతకన్న తక్కువకు అడగడానికి వీల్లేదు. పాత జట్టుకు తమవాడు కావాలనిపిస్తే, ఎదుటివాడు పాడిన చివరి ధర తామే ఇచ్చి వెనక్కు తెచ్చుకునే హక్కు కూడా వుంది.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మా నాయినకు ఈ వేలం ఫోన్‌లో చూపించాను.

"మనుషులను పాట పాడుతున్నరేందిరా?" అన్నడు.

"అవ్ నాయినా, మొదటి ధర అని ఒకటి వుంటది. దానికంటె తక్కువకు అడగొద్దు."

"గట్లనా! మనకూ వున్నది మద్దతు ధర, పేరుకు. పత్తిల తేమ వున్నదని చెయ్యి పెట్టి చూసి కోత పెడితే అడిగెటోడు లేడు. ఈ పోరగాండ్లు మనకంటె నయమే."

తర్వాత ఒక్క ఆటగాడికి రెండున్నర కోట్లు దాటి పాట పోయిందని చెప్పాను. మా నాయిన నవ్విండు. "పైసలన్ని ఒక్క ఎద్దు మీదనే పెడితే, కాడికి రెండో దిక్కు ఎవని కడుతరు? నిన్నా?"

మిత్రులారా! నేను మూడు గంటలు వాదించి చెప్పలేని సంగతి మా నాయిన ఒక్క మాటలో చెప్పిండు.

ఇక టైటాన్స్ చరిత్ర చూడండి. మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి మన జట్టు ప్రాణం. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాడైనా మా వూరి పిల్లలు కూతకు పోతూ "నేను రాహుల్‌ను" అనేవాళ్లు. 2018లో 1 కోటి 29 లక్షలిచ్చి వుంచుకున్నారు. 2019లో వదిలేశారు, తమిళ్ తలైవాస్ 94 లక్షలకు కొనుక్కుంది. ఆ వేలంలోనే మనవాళ్లు సిద్ధార్థ్ దేశాయిని 1 కోటి 45 లక్షలకు తెచ్చారు. ఆటగాడు మారాడు గాని పద్ధతి మారలేదు. 2021-22 సీజన్‌లో 22 ఆటల్లో గెలిచింది ఒక్కటి! ఆ తర్వాతి సీజన్‌లో రెండు!

2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు నాయకుడు పవన్ సెహ్రావత్. రెండు రోజులకే మొదలైన వేలంలో టైటాన్స్ ఆయన్ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. లీగులో అప్పటివరకు ఎవరికీ అంత ధర రాలేదు. ఆ రాత్రి హాస్టల్లో మేం పళ్లాలు వాయించాం. కప్పు మనదే అన్నాం!

ఏమైంది? పవన్ తన వంతు ఆడనే ఆడాడు. ఆ సీజన్‌లో రెండువందలకు పైగా పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 ఆటల్లో రెండే గెలిచి పన్నెండో స్థానంలో నిలిచింది. వున్న జట్లే పన్నెండు!

దీనికి కారణం అదృష్టంలో లేదు, ఆట నియమంలోనే వున్నది. క్రికెట్టులో ఒక్కడు నిలబడి నూరు కొడితే సగం ఆట గెలిచినట్టే. కబడ్డిలో కూతకు పోయినవాణ్ణి పట్టేస్తే వాడు 'చచ్చినట్టు'. వాడు ఎంతటివాడైనా సరే గీత అవతల కూర్చోవాలి. తనంతట తాను లేచి రాలేడు. తోటివాడు కూతకు పోయి ఒకణ్ణి తాకి రావాలి, లేదా వెనక వున్నవాళ్లు ఎదుటి జట్టువాణ్ణి పట్టాలి. అప్పుడే ఇతడు 'బతుకుతాడు'. అదీ చచ్చిన వరుసలోనే. కాబట్టి రెండున్నర కోట్ల ఆటగాడు గీత అవతల కూర్చున్నంతసేపూ వాడి విలువ సున్న. ఆ సున్నను మళ్లీ కోట్లుగా మార్చేది తొమ్మిది లక్షల కుర్రాడు. వాడు చేతగానివాడైతే కోట్లు అట్లనే కూర్చుంటాయి. సంచిలో సగానికి పైగా ఒక్కడికే పోతే, ఆ కుర్రాణ్ణి మంచివాణ్ణి తెచ్చుకోవడానికి మిగిలేదేమిటి?

2024లో పవన్‌ను మళ్లీ 1 కోటి 72 లక్షల 50 వేలకు వెనక్కు తెచ్చుకున్నారు. ఆయన గాయపడి కొన్ని ఆటలకు దూరమైనప్పుడు విజయ్ మలిక్ వంటివాళ్లు భారం మోశారు. 12 ఆటలు గెలిచి ఏడో స్థానానికి వచ్చారు. 2025 వేలంలో పవన్‌ను పోనిచ్చారు. ఆయన తలైవాస్‌కు 59 లక్షల 50 వేలకు పోయాడు. మనవాళ్లు భరత్ హుడాను 81 లక్షలకు, శుభమ్ షిండేను 80 లక్షలకు తీసుకుని, విజయ్ మలిక్‌ను 51 లక్షల 50 వేలకు నిలుపుకుని నాయకత్వం ఇచ్చారు. కోటి పలికినవాడు ఒక్కడూ లేడు. "ఈసారి ఆశ వదులుకోండి" అన్న మిత్రులు మా హాస్టల్లో చాలామంది వున్నారు. వారి పేర్లు రాయను, క్షమించాను.

ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదటి ఆట. ఎదురుగా పవన్ వున్న తలైవాసే! మూడు పాయింట్ల తేడాతో ఓడాం. ఆ మిత్రులు పండుగ చేసుకున్నారు. కాని ఆ జట్టే మెల్లగా లేచి, 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వచ్చింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణేరి పల్టన్ చేతిలో 50-45తో ఆగిపోయింది. ఒకడు చస్తే ఇంకొకడు బతికించాడు. కాడికి రెండు దిక్కులా ఎద్దులున్నాయి!

అయితే మా గది మిత్రుడి వాదన కూడా చెప్పడం న్యాయం. "పెద్ద ఆటగాడు లేకుంటే జనం రారు. రాహుల్‌ను చూసే కదా నువ్వు అభిమానివైనవు?" అంటాడు. నిజమే! నేను పెద్ద ధరలకు వ్యతిరేకిని కాను. ఈ ఆటగాళ్లలో ఎంతోమంది హర్యానా, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మట్టిలో పొర్లి వచ్చినవాళ్లు. మోకాలు బాగున్న నాలుగేండ్లే వాళ్ల పంటకాలం. ఆ పంటకు మంచి ధర వస్తే రైతు కొడుకునైన నేను ఏడవడం కంటె సిగ్గుచేటు లేదు. నా తగవు ధరతో కాదు, మిగతా ఆరుగురిని మరిచిపోవడంతో.

ఇప్పుడు మా వూరి సంగతి.

మాది రామన్నపేట దగ్గరి పల్లె. 2016లో జిల్లాలు విడిపోయి మేం యాదాద్రి భువనగిరిలో కలిసినా, నోటికి మాత్రం ఇంకా నల్గొండ అనే వస్తది. సంక్రాంతికి వూరూరా కబడ్డి పోటీలుంటాయి. అక్కడ కూడా ఆటగాళ్ల కొనుగోళ్లు వున్నాయి సుమా! నాకు బావ వరుసయ్యే ఒకాయన మా జట్టుకు పెద్ద కూతగాడు. రెండేండ్ల కింద పండుగకు ముందు పక్క వూరి జట్టువాళ్లు మోటారు సైకిల్ మీద వచ్చి రెండు వేలు, ఒక జత బూట్లు ఇచ్చి ఆయన్ను తమవైపు తీసుకపోయిండ్రు. మేం కోపంతో వుడికిపోయినం. "వూరిని అమ్ముకున్నడు" అన్నం. ఎదురైతే మొగం తిప్పుకున్నం. ఆయన బూట్లు లేకుండ ఎన్నేండ్లు ఆడిండో మాలో ఒక్కడూ గుర్తు చేసుకోలేదు.

ఫైనల్ మా రెండు వూళ్లకే పడ్డది. నేను ఎడమ మూల ఆడుతాను. ఆయన కూతకు వచ్చిండు. చీలమండ దొరికింది, నేను పట్టిన. మీద నుంచి ముగ్గురు పడ్డరు. మోకాలు తిరిగిన చప్పుడు నాకు వినపడ్డది. ఇప్పటికీ కొన్ని రాత్రులు వినపడుతది.

ఆట వాళ్లే గెలిచిండ్రు. కప్పును ట్రాక్టరెక్కించి డప్పులతోని పోయిండ్రు. కొనుక్కున్న మనిషి మట్టిలనే కూర్చుండు. ఆయన్ను లేపి ఆటోల దవాఖానకు తీసుకపోయింది మొగం తిప్పుకున్న మేమే. నరం తెగింది, ఆపరేషను చెయ్యాలె అన్నరు. ఆ యేడు వాళ్లింట్ల పత్తి పైసలు అప్పులకే సరిపోలేదు. ఆపరేషను కాలేదు. ఇప్పుడు చౌటుప్పల్ దిక్కు ఒక కంపెనీలో రాత్రి కాపలా వుంటున్నడు. కుర్చీలో కూర్చునే పని. కలిసినప్పుడు "నీ పట్టు మంచిగుండెరా బామ్మర్ది" అంటడు. నాకు బదులు రాదు.

పవన్ సెహ్రావత్‌కు కూడా 2022 సీజన్‌లో మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిన్నది. ఆ సీజన్ అంతా కూర్చున్నాడు. మరుసటి యేడు దేశానికి నాయకుడై బంగారం తెచ్చాడు, లీగులో అందరికన్న పెద్ద ధర పలికాడు. మోకాలు మోకాలే. నొప్పి నొప్పే. తేడా ఎక్కడుంది? ఆయన్ను బతికించడానికి వైద్యులున్నారు, వెనక నిలబడ్డ వ్యవస్థ వున్నది. మా బావను బతికించడానికి వరుసలో ఎవరూ లేరు.

కాబట్టి నేను అడిగేవి మూడే.

టైటాన్స్ యాజమాన్యానికి: పేరులో 'తెలుగు' వున్నది, జట్టులో తెలుగు కుర్రాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది కూడా కనిపించరు. ఎక్కడివాడైనా మాకు ఆప్తుడే, కాని సంక్రాంతి రోజుల్లో ఒక్క మనిషిని మా పల్లె బరుల దగ్గరికి పంపండి. తొమ్మిది లక్షలకు పనికివచ్చే కుర్రాడు ఇక్కడ ఐదువందలకు ఆడుతున్నాడు.

వూరి పెద్దలకు: ఆటగాణ్ణి తెచ్చుకున్న వూరే అతని దెబ్బకు మందు పెట్టించాలని పోటీకి ముందే రాయించండి. కప్పుకు చందా వేసినట్టే దానికీ వేయండి.

మన విద్యార్థి సంఘానికి: ఈ యేడు ఆటల పద్దులో ఇంకో పెద్ద కప్పు వద్దు. పోటీలన్నీ ఇప్పుడు మ్యాట్ మీద జరుగుతున్నాయి, మనం గులకరాళ్ల నేల మీద నేర్చుకుని అక్కడికి పోయి జారిపడుతున్నాం. పాతదైనా సరే ఒక మ్యాట్ కొందాం. దెబ్బతిన్న ఆటగాడికోసం ఒక చిన్న నిధి పెడదాం. నా స్కాలర్‌షిప్ రాగానే మొదటి వంద నేనిస్తాను. రాగానే అన్నాను, మిత్రులు నవ్వవద్దు!

ఎవర్ని ఎంతకు కొన్నాం అని లెక్కపెట్టేటప్పుడు, పడిపోతే లేపడానికి ఎంతమందిమి వున్నాం అని కూడా లెక్కపెట్టుకుందాం. మా నాయిన అడిగిన మాట నేను మిమ్మల్ని అడుగుతున్నాను. కాడికి రెండో దిక్కు ఎవరున్నారు?