భారత ఫుట్‌బాల్ జట్టు – మన హాస్టల్ గ్రౌండ్

క్రికెట్ గురించి అడిగితే మన హాస్టల్లో రూముకో సెలెక్టర్ దొరుకుతాడు. ఎవరిని ఓపెనింగ్ దింపాలో, ఎవరిని తీసేయాలో స్టడీ అవర్ అయిపోయాక కూడా చర్చ నడుస్తూనే ఉంటుంది. ఫుట్‌బాల్ అనేసరికి మెస్సీ, రొనాల్డో పేర్ల దగ్గరే ఆగిపోతాం. మన దేశానికీ ఒక జట్టు ఉందని, ఒకప్పుడు ఆ జట్టుకు మన హైదరాబాదే గుండెకాయ అని మనలో చాలామందికి తెలియదు. ఆ జట్టు కథకూ మన హాస్టల్ బతుకులకూ సంబంధం ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ నాలుగు మాటలు.

ముందుగా ఇప్పటి పరిస్థితి చూద్దాం. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఆ ఏడాది జూన్‌లో క్రొయేషియాకు చెందిన కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. ఆయన స్థానంలో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్క్వెజ్ వచ్చారు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్ఎల్ విజేతగా నిలిపిన కోచ్ ఆయనే. అయినా దేశం జట్టుతో ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. 2012 తర్వాత పూర్తికాలం కోచ్‌గా ఒక భారతీయుణ్ని పెట్టడం అదే మొదటిసారి. రాగానే కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1–2తో ఓడి 2027 ఆసియా కప్‌కు దూరమయ్యాం. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడాం.

ముగ్గురు కోచ్‌లు, మూడు పద్ధతులు, ఫలితం మాత్రం ఒక్కటే. దీన్నిబట్టి జబ్బు ఇంకెక్కడో ఉందని అర్థం కావాలి.

ఆటగాళ్ల సంగతి చూడండి. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో జట్టుకు వీడ్కోలు చెప్పారు. 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో ఆయన్నే మళ్లీ పిలిచారు. ఇన్నేళ్లలో ఇంకో గోల్ కొట్టేవాణ్ని తయారు చేసుకోలేకపోయాం. ఐఎస్ఎల్ క్లబ్బులు గోల్ కొట్టే చోట ఎక్కువగా విదేశీయులనే ఆడిస్తే మనవాళ్లకు ఆ పని ఎట్లా అలవడుతుంది?

జనాభా గురించి గొప్పగా చెప్పుకుంటాం. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఒక్కదాని జనాభాయే 40 లక్షలు. క్రొయేషియా దేశం మొత్తం జనాభా అంతకన్నా తక్కువ. ఆ దేశం 2018లో ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది. మనం సింగపూర్ చేతిలో ఓడడానికి ఒక్కరోజు ముందు, దాదాపు ఐదు లక్షల జనాభా ఉన్న కేప్ వెర్డీ అనే చిన్న ద్వీప దేశం 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. ఎంతమంది పుట్టారన్నది లెక్క కాదు మిత్రులారా, ఎంతమంది పిల్లల కాళ్లకు బంతి అందిందన్నదే లెక్క.

ఈ మాట మనకు డెబ్బై ఏళ్ల కిందే ఒక హైదరాబాద్ బడిపంతులు రుజువు చేసి చూపించారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెబుతూనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లు ఎందరో ఉన్నారు.

రహీం సార్ చేసిన పనుల్లో ఖర్చుతో కూడినవి తక్కువ. కుర్రాళ్లకు ఎడమ కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతి దగ్గర పెట్టుకుని ఒక్కడే పరిగెత్తకుండా వెంటనే పాస్ ఇవ్వాలనే నిబంధనతో మ్యాచ్‌లు ఆడించేవారు. బలరాం అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లవాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కూడా సారే ఇచ్చారని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. 1963లో రహీం సార్ చనిపోయారు. ఆయన చూపిన బాటను బడుల్లో కొనసాగించినవాళ్లు లేరు. చివరికి 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు కూడా ఢిల్లీకి తరలిపోయింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పెద్ద పెద్ద అకాడమీలు ఏం చేస్తాయి? పది, పన్నెండేళ్ల పిల్లల్ని ఒకచోట ఉంచి, తిండి పెట్టి, బడికి పంపి, పొద్దున సాయంత్రం ఆడిస్తాయి. ఇందులో ఆట ఒక్కటి తప్ప మిగతావన్నీ సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఇప్పటికే ఉన్నాయి. నాయనా అమ్మా ముంబైకో, పుణెకో వలస పోతే ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు వచ్చిన పిల్లలం మనం. బడి వదిలాక స్టడీ అవర్ దాకా ఆ గంటన్నర ఖాళీగానే ఉంటాం. నేను పదో తరగతి దాకా ఉన్న హాస్టల్లో అరవై మందికి ఒక్క బంతి కూడా లేదు. వెనక జాగా ఉండేది గాని దాని నిండా సర్కారు తుమ్మ.

"ముందు తిండి సరిగ్గా పెట్టమనండి, తర్వాత ఆట" అనేవాళ్లున్నారు. నిజమే. 2024 నవంబర్‌లో 40 శాతం పెంచిన తర్వాత కూడా మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు డైట్ చార్జీ నెలకు 1,330 రూపాయలే. దాని కోసం కొట్లాడాల్సిందే. ఆడే పిల్లలకు గుడ్డు, పాలు ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి ఈ రెండూ ఒకే డిమాండు.

"చదువుకుని నౌకరీ తెచ్చుకోమంటే బంతాటనా" అని మా నాయన కూడా అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేను. చదువు విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ హైదరాబాద్ పోలీస్ జట్టు కుర్రాళ్లకు ఆటే నౌకరీ ఇచ్చింది. ఇవాళ తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ కోటాలో మన పిల్లలు ఎందరున్నారో అడగాల్సింది మనమే. సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. శిక్షణ ఇస్తే మన పిల్లలు ఎంత దూరం పోగలరో అప్పుడే తేలిపోయింది.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మగవాళ్ల జట్టు తడబడుతున్న 2025లోనే అమ్మాయిల జట్టు జూలై 5న థాయిలాండ్‌ను వాళ్ల గడ్డమీదే 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ అర్హత పోటీల్లో ఆడిన గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఆడింది. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చిన చెల్లెళ్లు మన బాలికల హాస్టళ్లలో ఎందరో ఉన్నారు. సాయంత్రం కాగానే గేటుకు తాళం వేస్తే వాళ్లలో ఉన్న సౌమ్య ఎవరికి కనబడుతుంది?

కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. ప్రతి హాస్టల్‌కూ సాయంత్రం వచ్చే ఒక పీఈటీ, ఆడుకోవడానికి జాగా, బాలికలకు భద్రమైన మైదానం. ఈలోగా ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు తలా ఒక హాస్టల్‌కు రెండు బంతులు, ఒక పంపు కొనివ్వండి. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్ల మధ్య ఆదివారాలు ఏడుగురి జట్లతో పోటీలు పెడదాం. రహీం సార్ పెట్టినట్టు ఎడమ కాలి మ్యాచ్‌లూ పెడదాం.

ఇక జట్టు భవిష్యత్తు గురించి నా అంచనా సూటిగా చెబుతాను. వచ్చే నాలుగైదేళ్లలో ఏ కోచ్ వచ్చినా అద్భుతాలు జరగవు. ఆ కోచ్ ఎంచుకోవాల్సిన ఆటగాళ్లు పదేళ్ల కిందే తయారుకావాల్సింది, కాలేదు. ఇవాళ ఆరో తరగతి చదివే తమ్ముడికి, చెల్లికి మరో పదేళ్లకు ఇరవై ఒక్క ఏళ్లు వస్తాయి. అప్పటి జట్టు గెలుపోటములు ఇప్పుడు ఈ గ్రౌండ్లలోనే తేలుతాయి. మనం అడగకపోతే అప్పుడు కూడా మన పిల్లలు టీవీ ముందు కూర్చుని వేరేవాళ్ల ఆటకు చప్పట్లు కొడుతుంటారు. సర్కారు తుమ్మ కొట్టేయడానికి ఏ కోచ్ అనుమతీ అక్కర్లేదు. వచ్చే ఆదివారం గొడ్డళ్లు తీసుకుని రండి.